కూచిపూడి దాత – గోలకొండ తుది సుల్తాను తానీషా

కూచిపూడి అనగానే మన కన్నుల ముందు సత్యభామ జడ కదలాడుతుంది; సూత్రధారుని తాళం చెవులలో మ్రోగుతుంది; సిద్ధేంద్రయోగి పేరు నోటికి వస్తుంది. ఆ నాట్యాన్ని ఆడినవారిని మనం ఎరుగుదుము. అయితే వారు నిలువనీడ పొందిన ఊరిని వారి చేతిలో పెట్టినట్లు సంప్రదాయం చెప్పే ప్రభువును స్మరించేవారు అరుదు. కృష్ణాజిల్లాలోని ఈ చిన్న గ్రామాన్ని బ్రాహ్మణ భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినవాడు ఒక ముస్లిం సుల్తాను. అతడే గోలకొండ కుతుబ్‌షాహీ వంశంలో చివరివాడైన అబుల్ హసన్. లోకం పెట్టిన పేరు తానీషా. ఉర్దూ, తెలుగు రెండు భాషలూ చదువుకొనే మన విద్యార్థులకు ఇతని జీవితం రెండిళ్ల బంధువు కథ వంటిది. అందుచేత ఈ సంచికలో అతని చరిత్రను, అతని కాలంలో రాజ్యం, మతం, వర్తకం ఒకదానితో ఒకటి ఎట్లు పెనవేసుకొన్నవో ఆ వివరాన్ని, మాకు తెలిసినంతలో చెప్పదలచినాము.

తానీషా జీవితం మూడు భాగాలుగా విడిపోయి కనిపిస్తుంది. మొదటిది దర్గాలో గడిచినది. రెండవది సింహాసనంపై గడిచినది. మూడవది చెరసాలలో గడిచినది. ఈ మూడింటి పొడవూ ఇంచుమించు సమానమే. ఇంతటి విచిత్రమైన జీవితం గల రాజులు చరిత్రలో చాలమంది లేరు.

అబుల్ హసన్ కుతుబ్‌షాహీ వంశానికి దూరపు బంధువు. రాచరక్తం ఉన్నను రాచభోగం లేదు. యౌవనంలో అతడు హైదరాబాదులోని సూఫీ గురువు షా రాజూ వారి ఆశ్రమాన్ని చేరినాడు. గుల్బర్గాలో వెలసిన బందేనవాజ్ గేసూదరాజ్ వారి వంశానికి చెందిన పుణ్యపురుషులు షా రాజూ. వారి సన్నిధిలో అబుల్ హసన్ సుమారు పదునాలుగేండ్లు శుశ్రూష చేసినాడని ప్రతీతి. తానాషా అనే ముద్దుపేరు గురువు పెట్టినదేనని, చిన్నతనపు సౌమ్యతను బట్టి వచ్చినదని చెప్పుకొంటారు. తెలుగువారి నోట అది తానీషా అయినది. ఉత్తరాదిలో ఇదే మాట కాలక్రమంలో నిరంకుశుడు అనే అర్థానికి దిగజారినది. మనుష్యులలో మెత్తనివాడొకడు మాటలలో కఠినుడై నిలిచిపోవుట విధి విలాసమే.

అప్పుడు గోలకొండ నేలుతున్నవాడు అబ్దుల్లా కుతుబ్‌షా. ఆయనకు కుమారులు లేరు; ముగ్గురు కుమార్తెలు. 1656లో ఔరంగజేబు, ఇంకను యువరాజుగా ఉన్నప్పుడే, గోలకొండపై దండెత్తి వచ్చినాడు. ఆ యుద్ధం ముగిసిన సంధిలో ఒక కుమార్తెను ఔరంగజేబు పుత్రునకు ఇచ్చి వివాహం చేయవలసి వచ్చినది. మరొక కుమార్తెను అరబ్బు దేశమునుండి వచ్చిన నిజాముద్దీన్ అహ్మద్ అనే సయ్యదుకు ఇచ్చినారు. మూడవ కుమార్తెకు సయ్యద్ సుల్తాన్ అనే వేరొక సయ్యదుతో పెండ్లి నిశ్చయమైనది. పెద్దల్లుడు నిజాముద్దీనుకు, ఈ కాబోయే అల్లునికి పడలేదు. నిజాముద్దీన్ పట్టుపట్టి ఆ పెండ్లిని చెడగొట్టినాడు. ముహూర్తం ముంచుకొని వచ్చినది, వరుడు లేడు. వంశంలోనివాడు, ఎవరికీ శత్రువు కానివాడు ఎవడున్నాడని వెదకగా దర్గాలోని అబుల్ హసన్ కనిపించినాడు. ఫకీరు గుడ్డలు విప్పించి పెండ్లిబట్టలు కట్టించినారు.

1672 ఏప్రిల్‌లో అబ్దుల్లా కుతుబ్‌షా మరణించినాడు. సింహాసనం కోసం అల్లుళ్ల నడుమ పోరు తప్పలేదు. నిజాముద్దీన్ గర్విష్ఠి, సర్దారులకు అతడంటే సరిపడదు. సయ్యద్ ముజఫ్ఫర్, మూసాఖాన్ మొదలైన ప్రముఖులు అబుల్ హసన్ పక్షాన నిలిచినారు. ఆ విధంగా కోరని పెండ్లి కోరని రాజ్యాన్ని తెచ్చిపెట్టినది. అయితే రాజును నిలిపినవారు రాజును తమ మాట వినవలెనని కోరుట సహజం. సయ్యద్ ముజఫ్ఫర్ ప్రధానియై అధికారమంతా తన గుప్పిట పెట్టుకొన్నాడు. మెత్తనివాడనుకొన్న అబుల్ హసన్ అక్కడ తన నేర్పు చూపినాడు. ముజఫ్ఫర్ కొలువులోనే లెక్కలు చూచే తెలుగు బ్రాహ్మణుడు మాదన్నను తనవైపు త్రిప్పుకొన్నాడు. రక్తపాతం లేకుండనే ముజఫ్ఫర్ పదవి తొలగినది. 1674 నాటికి మాదన్న మీర్ జుమ్లా, అనగా రాజ్యానికి ప్రధానమంత్రి, అయినాడు. సూర్యప్రకాశరావు అనే బిరుదు పొందినాడు. అన్న అక్కన్న కూడ ఉన్నత పదవులలో నిలిచినాడు. తరువాతి పన్నెండేండ్లు గోలకొండ పాలన వీరి చేతుల మీదుగనే సాగినది.

ఇది ఆకస్మికమైన వింత కాదు. కుతుబ్‌షాహీల కొలువులో తెలుగుకు పూర్వమునుండి స్థానమున్నది. ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికి అంకితమిచ్చినాడు. ఆ కొలువులోని అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెనుగు యయాతిచరిత్రను అంకితం చేసినాడు. హైదరాబాదు నగరాన్ని 1591లో నిర్మించిన మహమ్మద్ కులీ దక్ఖనీ భాషలో పెద్ద కవి. సుల్తానుల ఫర్మానాలు కొన్ని పారసీకంలోను, తెలుగులోను జంటగా వెలువడేవి. గ్రామాలలో కరణాలు తెలుగులో లెక్కలు వ్రాస్తే, కోటలో అవి పారసీకంలోకి మారేవి. రాజ్యం నడవవలెనంటే రెండు కలాలూ కావలెను. తానీషా చేసినదేమన, తెలుగు కలం పట్టినవానిని అట్టడుగు మెట్టునుండి పైమెట్టునకు రానిచ్చుట.

ఇక ఆ రాజ్యపు సిరి ఎక్కడిదో చూడవలెను. గోలకొండకు మూడు సిరులు. ఒకటి కృష్ణా గోదావరి డెల్టాల వరిపంట. రెండవది కృష్ణ ఒడ్డున కొల్లూరు మొదలైన గనులలో దొరికే వజ్రాలు. బ్రెజిల్ దేశంలో పదునెనిమిదవ శతాబ్దిలో వజ్రాలు బయటపడువరకు ప్రపంచానికి వజ్రమంటే ప్రధానంగా మన దేశపు వజ్రమే. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయం నీటి క్రింద ఉన్నది. మూడవది బందరు రేవు ద్వారా సాగిన బట్టల వర్తకం. చిరివేరు వేసి అద్దిన ఎర్రరంగు ఉతికిన కొలది వన్నెకెక్కేది. ఆ కలంకారీ అద్దకపు బట్టలు పారశీకానికి, ఎర్రసముద్రపు రేవులకు, పెగూకు, సయాముకు, ఆచెకు ఓడలపై పోయేవి. గోలకొండ నుండి మక్కాకు పోయే యాత్రికులు కూడ బందరులోనే ఓడ ఎక్కేవారు. మతమూ వర్తకమూ ఒకే ఓడలో ప్రయాణం చేసేవని అనవచ్చును.

ఈ వర్తకం కొరకే ఐరోపావారు వచ్చినారు. డచ్చివారు 1605-06లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను బందరు చేరి కోఠీలు కట్టుకొన్నారు. తానీషా సింహాసనమెక్కిన 1672లోనే ఫ్రెంచివారు శాంథోమును ఆక్రమించినారు. గోలకొండ సేన నేలమీద, డచ్చి నౌకలు నీటిమీద చుట్టుముట్టగా 1674లో వారు దానిని విడిచిపెట్టవలసి వచ్చినది. చెన్నపట్టణంలోని ఆంగ్లేయులు ఆనాడు గోలకొండ ప్రభుత్వానికి ఏటా 1,200 వరహాలు కౌలు చెల్లించి నివసించే బాడుగదారులు. తరువాత వంద సంవత్సరాలలో ఎవరు యజమాని, ఎవరు బాడుగదారు కానున్నారో ఆనాడు ఎవరి ఊహకూ అందలేదు.

ఈ సందర్భంలో దూరదేశపు సంగతి ఒకటి పోల్చి చెప్పిన మన పరిస్థితి స్పష్టపడుతుంది. ఇంగ్లండులో యార్కు అనే పురాతన నగరమున్నది. అక్కడి పౌరులు 1212లో జాన్ రాజు వద్దనుండి ఒక సనదు పొందినారు. దాని ప్రకారం నగరమంతయు కలిసి ఏటా 160 పౌన్ల మొత్తాన్ని నేరుగా రాజుకు చెల్లించుకోవచ్చును. నడుమ రాజోద్యోగి పీడ లేదు. ఆ హక్కునుండి నగరానికి మేయరు, సభ, వర్తక సంఘాలు బలపడినవి. ఇక చర్చికి తన భూములు, తన న్యాయస్థానం వేరుగా ఉండేవి. రాజు, మతగురువు, వర్తకుడు ముగ్గురికీ మూడు వ్రాతపత్రాలుండేవి. వారి నడుమ తగవులు వచ్చినను ఆ పత్రాల మీదనే తగవులు.

బందరులోను ఏటా ఒక మొత్తం రాజుకు చెల్లించుటే పద్ధతి. అయితే చెల్లించేది పౌరులు కూడి కాదు. వేలంలో ఎక్కువ పాడిన ఇజారాదారు ఒక్కడే. అతడు పాడిన సొమ్మును ఖజానాకు కట్టి, ఆపైన తనకు మిగులు చూచుకోవలెను. మరుసటి సంవత్సరం మరొకడు ఎక్కువ పాడితే పదవి పోవును. కాబట్టి ఉన్న ఏడాదిలోనే పిండుకొనవలెననే తొందర. రైతు, సాలెవాడు, వర్తకుడు ముగ్గురూ ఆ తొందరకు లోనైనవారే. పాడిన మొత్తం కట్టలేకపోయిన ఇజారాదారుకు చెరసాల సిద్ధంగా ఉండేది. నగరానికి సభ లేదు, సనదు లేదు. అంత సంపద ఉండియు బందరు తనను తాను పాలించుకొనే నగరంగా ఎదగకపోవుటకు ఇది ఒక ముఖ్యకారణమని మేము తలచుచున్నాము. మాదన్న ఆ పద్ధతిలో తన మనుషులను నిలిపి రాబడిని పెంచినాడే గాని పద్ధతిని తీసివేయలేదు. ఈ లోపాన్ని తానీషా పాలనను మెచ్చుకొనేవారు మరచిపోరాదు.

భద్రాచల రామదాసు కథను కూడ ఈ వెలుగులోనే చూడవలెను. నేలకొండపల్లికి చెందిన కంచెర్ల గోపన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడని సంప్రదాయం. పాల్వంచ పరగణాకు తహశీల్దారై, వసూలైన సొమ్ముతో భద్రగిరిపై రామునికి ఆలయం కట్టించి నగలు చేయించినాడు. ఖజానాకు చేరవలసిన పైకం చేరలేదు. సుమారు పన్నెండేండ్లు గోలకొండ కోటలో చెరసాల అనుభవించినాడని చెప్తారు. కోట చూడబోయిన వారికి ఆ బందీఖానా గోడలపై మలచిన దేవతామూర్తులను నేటికీ చూపిస్తారు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల వరహాలు తానీషాకు చెల్లించి రసీదు పుచ్చుకొన్నారన్నది భక్తలోకం నమ్మిక.

కొందరు ఈ కథను హిందూ ముస్లిం కలహంగా చూపజూచుదురు. మాకు అట్లు తోచదు. గోపన్నను చెరబెట్టినది మతం కాదు, లెక్క. ఆనాటి ప్రధానమంత్రి స్వయంగా అతని మేనమామ అనియే కథ చెప్పుచున్నది కదా. ఖజానా సొమ్ముకు బాధ్యుడైన ఏ ఉద్యోగియైనను ఆ రాజ్యంలో అదే గతిని పొందేవాడు. అట్లని ఆ శిక్షలోని కాఠిన్యాన్ని తేలిక చేయరాదు. రామదాసు కీర్తనలలోని ఆవేదన కల్పితం కాదు. మనసును కదిలించేది ఏమన, జనం ఆ కథకు ఇచ్చిన ముగింపు. రాముని దర్శనం చెరలోని భక్తునికి గాక చెరపెట్టిన తానీషాకు లభించినదని కథ చెప్తుంది. ఓడిపోయిన పరమత ప్రభువుకు అంతటి భాగ్యాన్ని ఊరకే కట్టబెట్టరు ప్రజలు. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం పక్షాన ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని తానీషా ప్రారంభించినాడని భద్రాచల సంప్రదాయం. రాజ్యాలు మారినవి గాని ఆ ఆచారం నేటికీ సాగుచున్నది.

కూచిపూడి దానం కూడ ఈ పాలనాకాలంలోనిదే. 1678 ప్రాంతంలో తానీషా బందరు తీరానికి ప్రయాణమై వచ్చినప్పుడు మార్గంలో భాగవతుల ప్రదర్శన చూచి ముగ్ధుడై ఆ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చినాడని సంప్రదాయం. తరతరాలుగా ఆ నాట్యాన్ని విడువక సాగించవలెనన్నది ఆ దానంలోని నియమమని పెద్దలు చెప్తారు. తరువాత 1763లో ఆ గ్రామభూములను భాగవత కుటుంబాల నడుమ పంచిన పత్రం ఒకటి కలదు. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి వంటి ఇంటిపేర్లు కూచిపూడి నాట్యంతో అవినాభావంగా నిలిచినవి.

అగ్రహారదానమంటే ఏమో నేటి విద్యార్థులకు వివరించుట అవసరం. ఊరిలోని రైతు రైతుగానే ఉండును. ప్రభుత్వానికి పోవలసిన భాగం మాత్రం ఇకమీదట దానం పొందినవారికి చెందును. అనగా ఇజారాదారు ఆ ఊరి పొలిమేర దాటి రారాదు. ఏటేటా వేలం పాటల తుఫానులో ఊగే రాజ్యంలో కూచిపూడి గాలి తగలని దీపంవలె నిలిచినది. భాగవతులు ఊరూర తిరిగి ఆడేవారు. అయినను తిరిగి వచ్చుటకు వారికొక గడప ఉండెను. పిల్లలకు నేర్పుటకు తీరిక ఉండెను. కళ అభిమానంతో పుట్టవచ్చును గాని తిండిగింజ లేక పెరగదు. బందరు వర్తకులకు దక్కని నిలకడ ఈ చిన్న ఊరి నాట్యకారులకు దక్కినది. యార్కు పౌరులు సనదు పట్టుకొని నగరాన్ని పెంచుకొన్నట్లు, కూచిపూడివారు దానపత్రం పట్టుకొని నాట్యాన్ని పెంచుకొన్నారనవచ్చును.

మరొక సంగతి కూడ గమనింపదగినది. తానీషా ఏలిన వంశం షియా సంప్రదాయానిది. అతని గురువు సున్నీ సూఫీ. అతని మంత్రులు హిందువులు. అతని రేవులో వర్తకులు క్రైస్తవులు, ఆర్మీనీయులు, పారశీకులు, కోమట్లు. మొహర్రం పీరులకు జరిగే మర్యాద ఆగలేదు. గురువుగారి సమాధిపై గుమ్మటం లేచినది. కూచిపూడిలో కృష్ణలీల ఆడినది. ఇదంతయు గొప్ప సిద్ధాంతం వ్రాసుకొని చేసినది కాదు. దర్గాలో పదునాలుగేండ్లు అన్ని కులాలవారి పాదరక్షల నడుమ కూర్చున్నవానికి అది సహజంగా అబ్బినదేమో.

అయితే రాజ్యం ఉత్తరదిక్కునుండి వచ్చే గాలికి తట్టుకోవలెను. 1636 నుండియే గోలకొండ మొగలులకు ఏటా రెండు లక్షల హొన్నులు కప్పం కట్టుచున్నది. 1677లో శివాజీ హైదరాబాదుకు వచ్చినాడు. తానీషా అతనిని సగౌరవంగా ఆదరించి, కర్ణాటక దండయాత్రకు ధనసహాయం, ఫిరంగుల సహాయం చేసినాడు. ఈ ఒప్పందం వెనుక మాదన్న ఆలోచన ఉన్నది. దక్షిణాది రాజ్యాలు కలిసి నిలువకపోతే ఒక్కొక్కటిగా కూలునని అతడు గ్రహించినాడు. ఔరంగజేబు దృష్టిలో మాత్రం ఇది క్షమింపరాని నేరమైనది. బ్రాహ్మణులకు అధికారమిచ్చినాడని, మరాఠాలకు సాయపడినాడని, బిజాపూరు ముట్టడిలో బిజాపూరు పక్షం వహింపజూచినాడని నేరాలు మోపినాడు. 1685లో యువరాజు షా ఆలం సేన హైదరాబాదులో ప్రవేశించినది. తానీషా కోటలోనికి తప్పుకొన్నాడు, నగరం కొల్లబోయినది.

అప్పుడే కోటలో నింద మొదలైనది. ఇంతటి విపత్తు మాదన్న వల్లనే వచ్చినదని సర్దారులు కొందరు, అంతఃపురంలోని పెద్దరాణులు తలచినారు. 1686 మార్చిలో ఒక రాత్రి అక్కన్న మాదన్నలను గోలకొండ వీథిలో చంపివేసినారు. మాదన్న శిరస్సును మొగలుల శిబిరానికి పంపినారు. బ్రాహ్మణుల ఇండ్లు కొల్లబోయినవి. తానీషా ఈ హత్యను కోరలేదు, ఆపనూ లేదు. అతని జీవితంలో మాయని మచ్చ ఏదైన ఉన్నదన్న ఇదియే. పన్నెండేండ్లు తన భారం మోసినవారిని కాపాడలేని రాజు తన రాజ్యాన్ని మాత్రం ఎట్లు కాపాడుకొనగలడు? ఆ బలితో శత్రువు తృప్తిపడునని తలచినవారి ఆశ కూడ అడియాసే అయినది. అదే సంవత్సరం డచ్చివారు తమకు రావలసిన బాకీల నెపంతో బందరు పట్టణాన్ని కొంతకాలం ఆక్రమించుకొన్నారు. రాజ్యం అంచులు అప్పుడే చిరుగుట ప్రారంభమైనది.

బిజాపూరు 1686 సెప్టెంబరులో పడిపోయినది. 1687 ఆరంభంలో ఔరంగజేబు స్వయంగా గోలకొండను ముట్టడించినాడు. ఆ ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగినది. వర్షాలు, కరవు, రోగాలు మొగలుల సేనను పీడించినవి. కోటగోడ క్రింద మందుపాతరలు పెట్టగా అవి వెనుకకు ప్రేలి పెట్టినవారినే చంపినవి. ఒక రాత్రి శత్రువులు నిచ్చెనలతో గోడ ఎక్కుచుండగా ఒక వీథికుక్క మొరిగి కాపలావారిని మేల్కొలిపినదని, తానీషా దానికి బంగారు గొలుసు వేయించినాడని కథ కలదు. భోగలాలసుడని పేరుపడిన రాజు ఈ ఎనిమిది నెలలూ చెక్కుచెదరక నిలిచినాడు.

బలంతో పడని కోట లంచంతో పడినది. అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు 1687 సెప్టెంబరు 21 రాత్రి ద్వారం తెరచినాడు. అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని ఒక్కడే కత్తి దూసి శత్రువుల నడుమ దూకి, ఒంటినిండ గాయాలతో నేలకూలినాడు. అతని స్వామిభక్తికి ఔరంగజేబు కూడ ఆశ్చర్యపడి వైద్యులచేత బ్రతికించినాడు. ఇక రాజభవనంలో జరిగినది నాటి చరిత్రకారులే చెప్పినారు. మొగలు అధికారులు లోనికి వచ్చునప్పటికి తానీషా తొణకక బెణకక కూర్చుండి వారిని పలుకరించినాడు. భోజనవేళ కాగా తాను భుజించి, వారిని కూడ భోజనానికి ఆహ్వానించినాడు. ఇంతటి దుఃఖంలో అన్నమెట్లు సహించునని వారు విస్తుపోయినారు. సిరి ఇచ్చినవాడే తీసుకొన్నాడని, తనకు పేదరికమూ తెలియునని, భోగమూ తెలియునని అతని సమాధానంలోని భావం. దర్గాలో నేర్చిన పాఠం సింహాసనంపై మరుగున పడినను చెరసాల గుమ్మంలో అక్కరకు వచ్చినది.

తానీషాను దౌలతాబాదు కోటలో ఉంచినారు. అక్కడి చీనీమహలు అతని కారాగారం. సుమారు పన్నెండేండ్లు అక్కడ గడిపి 1699లో మరణించినాడు. రామదాసును పన్నెండేండ్లు చెరలో ఉంచిన ప్రభువు తానును పన్నెండేండ్లు చెరలోనే ఉండి కన్నుమూసినాడని మనవారు ముక్కున వ్రేలు వేసుకొంటారు. గోలకొండ ఎదుట అతని పూర్వులకు పెద్ద పెద్ద గుమ్మటాలున్నవి. అతనికి మాత్రం అక్కడ చోటు దక్కలేదు. దౌలతాబాదు సమీపాన ఖుల్దాబాదులో, తన గురువంశానికి మూలపురుషులలో ఒకరైన సయ్యద్ రాజూ ఖత్తాల్ వారి దర్గా ప్రాంగణంలో అతని చిన్న సమాధి ఉన్నది. ఫకీరుగా బయలుదేరినవాడు ఫకీరుల పాదాలచెంతకే చేరుకొన్నాడు. విచిత్రమేమన, అతనిని జయించిన ఔరంగజేబు 1707లో మరణించి అదే ఖుల్దాబాదులో, అంతే నిరాడంబరమైన సమాధిలో నిద్రించుచున్నాడు. గెలిచినవానికి, ఓడినవానికి ఒకే ఊరి మట్టి.

రాజ్యం పోయిన తరువాత మిగిలినదేమి? గోలకొండ పడిన ఆ 1687లోనే ఆంగ్ల వర్తక సంఘం చెన్నపట్టణానికి నగరసభ సనదు ఇచ్చినది. 1688లో మేయరు, సభ్యులు పదవులు చేపట్టినారు. బందరు పొందలేని దానిని దాని బాడుగదారు ఊరు పొందినది. వర్తకం క్రమంగా అటు తరలిపోయినది. కొల్లూరు గనులు పాడుపడినవి. బందరు రేవు ఇసుక మేటలతో మందగించినది. అక్కన్న మాదన్నల పేరు విజయవాడ ఇంద్రకీలాద్రి పాదంలోని గుహాలయాలకు నిలిచినది. నిజానికి ఆ గుహలు వారికంటె ఎన్నో శతాబ్దాల పూర్వం తొలిచినవి. ప్రేమించినవారి పేరును జనం పాతరాళ్లకైనను పెట్టి నిలుపుకొంటారనుటకు ఇది నిదర్శనం.

వీటన్నిటిలోను చెక్కుచెదరక పెరిగినది కూచిపూడి ఒక్కటే. వజ్రం చూపిన చేతులు, ఫిరంగి పేల్చిన చేతులు ఏమైనవో తెలియదు. అందెలు కట్టిన పాదాలు మాత్రం ఆగలేదు. స్త్రీపాత్రలో సత్యభామకు ప్రాణం పోసిన వేదాంతం సత్యనారాయణశర్మ ఆ ఊరివాడు. 1963లో మదరాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి ఎందరినో తీర్చిదిద్దిన వెంపటి చినసత్యం ఆ ఊరివాడే. దేశదేశాలలో ఈనాడు ఏ వేదికపై కూచిపూడి అని ప్రకటించినను, పలికినవారికి తెలిసినను తెలియకున్నను, ఆ పిలుపులో తానీషా ఇచ్చిన ఊరి పేరున్నది.

తానీషాను మహావీరుడని గాని, దోషరహితుడని గాని మేము చెప్పము. పన్ను వసూళ్ల పీడను అతడు తొలగింపలేదు. నమ్మిన మంత్రిని కాపాడలేదు. కాని ఒక సాయంకాలం తన మతం కాని కథను, తన భాష కాని పాటను విని ఆనందించి, ఆ ఆనందం తనతో ముగియరాదని తలచినాడు. ఆ తలపు విలువ ఒక గ్రామం. గోలకొండ రాజ్యమంతా పోయిన తరువాత ఖర్చుకాక మిగిలిన సొత్తు అదొక్కటే. మన విద్యార్థులు కూచిపూడి మీదుగా బందరు పోవునప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఖుల్దాబాదులోని ఆ చిన్న సమాధిని కూడ తలచుకొందురు గాక.